ఇరవై నాలుగో చెక్క

బాబాయి రాతిమేస్త్రి. కొత్త ఇళ్లు కట్టే మేస్త్రి కాదు. పాత కట్టడాల్లో అరిగిపోయిన రాయిని తీసి, ఆ చోట అదే కొలత రాయిని, అదే పాళ్లలో కలిపిన సున్నంతో కూర్చే మేస్త్రి. ఈ పనిలో ఇరవై ఆరేళ్లు గడిచినా, తాను బాగుచేసిన చోటికి చూడటానికని ఒక్కసారీ వెళ్లలేదు. వెళ్లినవాళ్లందరూ తలెత్తి చూస్తారనీ, తన చూపు మాత్రం రాళ్ల సందుల్లోని సున్నం మీదే ఉంటుందనీ, అలాంటి మనిషి పక్కన నడవడం ఎవరికైనా శిక్షేననీ ఆయన వాదన. అందుకే ఒక శనివారం సాయంత్రం ఆయన ఇంటికొచ్చి, రేపు పాత ఊరంతా నడిచి చూసొద్దామని అన్నప్పుడు పిన్ని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. ఒళ్లు చల్లగానే ఉంది.

"ఏమండీ, నిజం చెప్పండి. డాక్టరు దగ్గరికి గానీ వెళ్లొచ్చారా? సినిమాల్లో ఇలాగే మొదలవుతుంది" అంది.

కార్డు గడువు అయిపోతోంది, పారేసుకోవడం ఎందుకని బాబాయి జవాబు.

పిన్ని మా అమ్మ చెల్లెలు. బట్టల కంపెనీలో కుట్టు లైనులో పనిచేస్తుంది. ఆ ఆదివారం గురించి నేను ఇద్దరినీ విడివిడిగా, రెండేసి సార్లు అడిగాను. చాలావరకు ఇద్దరి మాటా కలిసింది. కలవని చోట ఆ సంగతి చెబుతాను.

కార్డు మాట నిజమే. పాత ఊరి నడిబొడ్డున ఉన్న కావలి బురుజుకు ఏడు నెలలు మరమ్మతు జరిగింది. పూర్తయి ఐదు వారాలైంది. అప్పుడు పనివాళ్ల కుటుంబాలకు ఆఫీసు తలా ఒక పచ్చకార్డు ఇచ్చింది. దాని మీద నాలుగు గళ్లు: ఉత్తరద్వారం, బట్టల బజారు, ధాన్యం కొట్టులోని మ్యూజియం, చివర బురుజు. అన్నీ కాలినడకనే చూడాలి, ఒక్కో చోట ఒక్కో ముద్ర వేయించుకోవాలి. మొదటి మూడు ముద్రలూ లేనిదే బురుజు గుమ్మం దగ్గర లోపలికి వదలరు. బురుజుకు గంటకొక జట్టు, జట్టుకు ఇరవై మంది. కార్డువాళ్లకు నాలుగు గంటల జట్టు.

పిన్నికి చెప్పని సంగతి వేరే ఉంది. బురుజులో గుండ్రంగా తిరుగుతూ పైకి పోయే మెట్లలో ముప్పయ్యో మెట్టు నుంచి నలభై ఒకటో మెట్టు దాకా పన్నెండు మెట్లు బాబాయి మార్చాడు; అంతవరకు పిన్నికి తెలుసు. రాయిని సున్నం మీద కూర్చోబెట్టాక అది ఒరిగిపోకుండా రెండు పక్కలా కింద చెరొక చెక్క దూరుస్తారు. బొటనవేలంత ఉంటుంది, ఒక చివర పలచన, ఒక చివర మందం. మూడు వారాలకు సున్నం గట్టిపడ్డాక చెక్కలు లాగేసి, ఆ బొక్కలను సున్నంతో పూడుస్తారు. పన్నెండు మెట్లకు ఇరవై నాలుగు చెక్కలు. వాటిని బాబాయే చెక్కాడు. మసక వెలుతురులోనూ కనబడాలని చివరలను ఎర్రరంగులో ముంచాడు. పని ముగిసిన రోజు చెక్కలు లెక్కపెట్టి సంచిలో వేసుకోవడం ఆ వృత్తిలో పూజలాంటి నియమం. కుర్రతనంలో కూడా ఆయన ఆ లెక్క తప్పలేదు. బురుజు పని ముగిసిన రోజు తప్పాడు.

ఐదు వారాలు ఆ సంచి తీయాల్సిన పని పడలేదు. గురువారం సాయంత్రం కొత్త పనికోసం విప్పి చూస్తే ఇరవై మూడే ఉన్నాయి.

చెక్క ఇంకా ఏదో మెట్టు కింద ఉండిపోతే ఆ రాయి సున్నం మీద కాక చెక్క మీద ఆనుకుని ఉన్నట్టే. ఎండకు చెక్క ముడుచుకుంటుంది, తడికి ఉబ్బుతుంది. బుధవారం నుంచి వానలు పడుతున్నాయి. రాయి కదిలితే, మెలికల మెట్ల మీద ఒకరు జారితే, వెనకున్నవాళ్లంతా వరసగా పడతారు. ఇదంతా తెలిసిన మనిషి శుక్రవారం పొద్దున్నే ఇంజినీరు దగ్గరికి వెళ్లి ఉండాల్సింది. కానీ పని అప్పగించేశాక బురుజులోకి పనివాడిగా వెళ్లాలంటే కారణం రాసి ఇంజినీరు సంతకం తీసుకోవాలి. కారణం రాయడమంటే తప్పు కాగితం మీద పెట్టడం. ఐదు వారాల కిందటే ఆయనను పెద్దమేస్త్రిని చేశారు. చెక్క ఇంట్లోనే ఎక్కడో పడి ఉంటే ఊరికే నవ్వులపాలవుతాననీ, ఒకసారి తన కళ్లతో చూసి వస్తే తేలిపోతుందనీ అనుకున్నాడు. ఎవరికీ అనుమానం రాకుండా చూడటానికి వెళ్లే దారి పచ్చకార్డు ఒక్కటే. కార్డు దంపతులకు ఇచ్చింది కనుక పిన్ని కూడా రావాలి.

ఎన్నింటికి బయలుదేరారన్న దగ్గర ఇద్దరి మాటా కలవదు. తొమ్మిదిన్నర అంటుంది పిన్ని. తొమ్మిది అంటాడు బాబాయి, మొదటి జట్టు బురుజు ఎక్కే వేళ ఆయన మనసులో ఉండటం వల్ల కావచ్చు. పిన్ని కొత్త చెప్పులు వేసుకుంది. అవి ఉత్తరద్వారం దాటకముందే కరవడం మొదలుపెట్టాయి. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో మొదటిసారి తీసుకెళ్తున్నారు, చెప్పుల సంగతి చెబితే వెనక్కి తిప్పేస్తారేమోనని ఊరుకుందట. అలా ఇద్దరూ చెరొక సంగతి దాచుకుని నడిచారు.

ఉత్తరద్వారం దగ్గర పసుపు గొడుగు పట్టుకున్న గైడు ఒకామె పదిమందిని పోగేసి చెబుతోంది. ఎదురుగా కనిపించే బురుజు మెట్లు నాలుగు వందల ఏళ్లనాటివనీ, ఇన్నేళ్లలో ఒక్క రాయి కూడా కదల్లేదనీ అంది. పిన్ని మోచేత్తో పొడిచింది.

"విన్నారా? మీరు పుట్టకముందే పెట్టేశారట మీ పన్నెండు మెట్లూ."

ఇంకో రోజైతే ఈ మాటకు బాబాయి అరగంట ఉపన్యాసం ఇచ్చేవాడు. ఆ రోజు ఆయనకు వినబడింది ఒక్కటే, రాయి కదల్లేదన్న మాట. ముద్ర వేయించుకుని గబగబా నడిచాడు.

బట్టల బజారులో రెండు వరసల కమానులు, వాటి కింద మూసిన దుకాణాల పాత చెక్క తలుపులు. పిన్నికి అక్కడ ఎంతసేపైనా ఉండాలనిపించింది. అద్దాల పెట్టెలో పెట్టిన పాత చేతికుట్టు అంగీ దగ్గర నిలబడి, చంకలో కుట్టు ఎలా తిప్పారో మెడ వంచి చూస్తోంది. ఇటు తిరిగేసరికి ఆయన కమాను సందులోంచి ఆకాశం కేసి చూస్తున్నాడు. తూర్పున మబ్బు పట్టింది. పద పద అన్నాడు. బజారు ముద్ర కూడా పడింది. అప్పటికి పదకొండు. నాలుగు గంటల జట్టుకు ఇంకా ఐదు గంటలుండగా ఎందుకింత తరుముతున్నారని పిన్ని అడిగింది. తొందరపడ్డంత మాత్రాన నాలుగు ముందుగా రాదని ఆయనకూ తెలుసు.

బజారు నుంచి మ్యూజియానికి వంతెన మీదుగా పోవాలి. వంతెన మధ్య రాతి అరుగులున్నాయి. డబ్బా విప్పి తినడానికి అక్కడ కూర్చున్నారు. అక్కడి నుంచి బురుజు నిలువునా కనబడుతుంది. దాని పైన చుట్టూ వసారా, వసారా అంచున చూడటానికొచ్చినవాళ్ల తలలు. బాబాయి ముద్ద చేతిలో పట్టుకుని అటే చూస్తున్నాడు. పన్నెండు గంటల జట్టు పైకి వచ్చింది. అది దిగిపోయి, ఒంటిగంట జట్టు కూడా వచ్చింది. ముద్ద చేతిలోనే ఆరిపోయింది.

"పొద్దున్నుంచీ చూస్తున్నా, కళ్లన్నీ ఆ బురుజు మీదే. పాత పరిచయాలేమైనా ఉన్నాయా పైన?"

"లెక్కపెడుతున్నా."

"ఏం లెక్క?"

"తలలు. ఎక్కినవాళ్లంతా దిగారో లేదో అని."

ఆ తర్వాత ఇక దాచలేకపోయాడు. గురువారం సంచి విప్పిన దగ్గర నుంచి మొత్తం చెప్పాడు. అది విన్నాక పిన్ని చేసినదానికి కారణం నేను తర్వాత తెలుసుకున్నాను. పిన్ని లైనులో ఒక నియమం ఉంది: సూది విరిగితే కుట్టేవాళ్లు అక్కడికక్కడే చెయ్యెత్తాలి. లైను మొత్తం ఆగిపోతుంది. విరిగిన ముక్కలన్నీ దొరికి, వాటిని రిజిస్టరులో అతికించి, సూది పూర్తయిందని చూపించేదాకా ఒక్క బట్ట కూడా ఆ లైను దాటి పోదు. ముక్క దొరక్కపోతే అది ఏ పసివాడి అంగీలోనో ఉన్నట్టే లెక్క. సూది విరిగిందని చెయ్యెత్తినందుకు ఎవరినీ తిట్టరు. ఎత్తనివాళ్లను మాత్రం ఉంచరు. కాబట్టి ఆమె భర్తను ఓదార్చలేదు. వాళ్ల సూపర్‌వైజరు అడిగినట్టే అడిగింది. చివరిసారి లెక్కపెట్టింది ఎప్పుడు? చివరగా చెక్కలు లాగింది ఏ మెట్టుకు? అప్పుడు పక్కన ఎవరున్నారు?

నలభై ఒకటో మెట్టుకని చెప్పాడు. ఒక పక్క చెక్క లాగాడు. రెండో పక్కది లాగబోతుండగా, ఇంజినీరు వచ్చాడు దిగి రమ్మని కింద నుంచి కేక. దిగేసరికి అందరూ చుట్టూ మూగి చేతులు కలిపారు. ఈ రోజు నుంచి నువ్వే పెద్దమేస్త్రివి అన్నారు. టీలు తెప్పించారు. ఆ సంతోషంలో సంచి భుజాన వేసుకున్నాడే గాని లోపల చెయ్యి పెట్టి చూడలేదు.

"మరి ఆ బొక్క ఎవరు పూడ్చారు?"

"నేనే చూసుకోవాల్సింది" అన్నాడు బాబాయి.

పూడ్చింది తోటిమేస్త్రి అని పిన్ని ఎలాగో రాబట్టింది. పాపం, అతను మంచికే పోయి, కిందికి వెళ్లిన మనిషి పని కూడా తాను ముగించేశాడు. ఎర్రచివర మీద సున్నం చింది తెల్లబడి ఉండాలి. నాతో మాట్లాడిన రెండుసార్లూ బాబాయి ఈ తోటిమేస్త్రి ఊసే ఎత్తలేదు.

అప్పుడు పిన్నికి గుర్తొచ్చింది. ఇంట్లో కుట్టుమిషను కాలు ఒకటి పొట్టి. నేల మీద గడగడలాడుతుంటే ఆయన సంచిలోంచి ఒక చెక్క తీసి కాలి కింద పెట్టింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ మాట విన్న బాబాయి తల వెనక్కి వాల్చి నవ్వాడు. మూడు రోజుల తర్వాత ఆకలి తెలిసింది. డబ్బాలో మిగిలిందంతా, పిన్ని వాటాతో సహా, తినేశాడు.

"నన్ను చంపావు కదే. మూడు రోజులు కంటి మీద కునుకు లేదు."

"మీరు అడిగితే గదా. పెళ్లాన్ని అడగడానికి కూడా ఇంజినీరు సంతకం కావాలేమో."

మ్యూజియంలో ఆయన మొదటిసారి తలెత్తి చూశాడు. పాత ధాన్యపు కొలతలు, ఒకదానిలో ఒకటి దూరే ఇత్తడి పాత్రలు, బరువులు. ప్రతిదాని ముందూ ఆగి పిన్నికి వివరించాడు. చాలావరకు పక్కన రాసి ఉన్న అట్టలోని మాటలేనట. పిన్ని నవ్వుతూనే ఉంది. బయటికొచ్చే గుమ్మం దగ్గర గుమాస్తా కార్డు తీసుకుని మూడో గడిలో ముద్ర కొట్టాడు. మొదటి రెండు ముద్రలూ నీలం. ఇది ఎర్రసిరా.

ఆ ఎరుపు చూడగానే పిన్నికి ఇంట్లోని చెక్క కళ్లముందుకొచ్చింది. మిషను కాలి కింది చెక్కకు ఎరుపు లేదు. రోజూ తుడిచే చోటు అది; ముదురు గోధుమరంగు కర్ర, అంతే. అది పెట్టి రెండేళ్లు అయింది. ఎర్రచెక్కలు చేసింది బురుజు పనికోసం, ఈ ఏడే.

ఇక్కడ మళ్లీ ఇద్దరి మాటా కలవదు. మ్యూజియం గుమ్మంలోనే చెప్పిందంటాడు బాబాయి. కాదు, బురుజుకు పోయే సందు మొత్తం నడిచి, చివర మలుపు దగ్గర చెప్పానంటుంది పిన్ని. సందు పొడవునా ఆయన ఈల వేస్తూ నడిచాడట. చెబితే ఆ ఈల ఆగిపోతుందని ఒక అడుగు, ఇంటికెళ్లి మిషను కింద చూశాక చెబుదామని ఇంకో అడుగు. ఆయన ఈలే నాకు శిక్ష అయింది అంది నాతో. మలుపు దగ్గర చెప్పు సర్దుకునే నెపంతో ఆగి, తల ఎత్తకుండానే చెప్పింది.

"ఏమండీ. మన మిషను కింద చెక్కకు ఎరుపు లేదు."

బాబాయి ఈల ఆపాడు. గడియారం చూసుకున్నాడు. నాలుగుకు ఇరవై నిమిషాలు. మూడు గంటల జట్టు ఇంకా పైనే ఉంది.

ఇద్దరూ దాదాపు పరుగెత్తారు. పిన్ని చెప్పులు చేతిలోకి తీసుకుంది. గుమ్మం దగ్గర కాపలాదారుకు బాబాయి తెలుసు. ఇన్నాళ్లకు చుట్టంలా వచ్చారే మేస్త్రీ అని నవ్వాడు. బాబాయికి నవ్వు రాలేదు. గుమ్మం పక్కన నిలబడి బయటికొస్తున్నవాళ్లను లెక్కపెట్టాడు. పద్దెనిమిది, పంతొమ్మిది. తర్వాత చాలాసేపు ఎవరూ రాలేదు. ఆ ఖాళీలో ఆయన పిన్ని చెయ్యి పట్టుకున్నాడు, గోళ్లు దిగేలా. చివరికి ఒక ముసలాయన గోడ పట్టుకుని, ఒక్కో అడుగే వేస్తూ వచ్చాడు. ఇరవై.

తమ జట్టులో ఎవరెవరున్నారో ఆయన ఇప్పటికీ చెప్పగలడు: చంకలో పాపతో ఒక తల్లి, కర్ర ఊతంతో ఒక పెద్దావిడ, మెడలో కెమెరా వేసుకున్న భారీ మనిషి, వెనక పసుపు గొడుగు గైడు తన మందితో. బాబాయి అందరికంటే ముందు నిలబడ్డాడు. వెనక పిన్ని.

లోపల మెట్లు ఇరుకు. ఇద్దరు పక్కపక్కన పట్టరు. పిన్ని గొంతు తగ్గించి మెట్లు లెక్కపెడుతోంది. ముప్పయ్యో మెట్టు దగ్గర బాబాయి ఇంటి తాళంచెవి తీసి, రాయి రెండు పక్కలా కొట్టి విన్నాడు. బాగా కూర్చున్న రాయి గట్టిగా, పొట్టిగా పలుకుతుంది. ముప్పై ఒకటి, ముప్పై రెండు, అన్నీ అలాగే పలికాయి. వెనక జనం చేరుకున్నారు. ఎక్కలేనివాళ్లు ముందెందుకు నిలబడతారో అని కెమెరా మనిషి పైకే అన్నాడు. మా ఆయనకు రాళ్లతో మాట్లాడే జబ్బుందండీ, కాస్త ఓపిక పట్టండి అని పిన్ని జవాబిచ్చింది.

నలభై దాకా వచ్చారు. నలభై ఒకటో మెట్టు సరిగ్గా సన్నని కిటికీ కింద ఉంది. వాన జల్లు పడే చోటు. ఎడమపక్క కొడితే గట్టిగానే పలికింది. కుడిపక్క కొడితే మోత సాగింది. బాబాయి మోకాళ్ల మీద కూర్చున్నాడు. రాయికీ గోడకూ మధ్య సున్నంలో వెంట్రుకంత పగులు. అరచేయి పెట్టి అదిమితే రాయి కదిలింది. దారం మందమంత అంటాడు ఆయన. ఆయన చేతులకు పగులు లోతు తెలియలేదు. రాయి మోసిన వేళ్లు మొద్దుబారి ఉంటాయి. పిన్ని ముందుకు వంగి, గోటిని పగుల్లో దూర్చి మెల్లగా గీకింది. సున్నం పొరలా ఊడింది. గోటికి ఎర్రరంగు అంటింది.

"ఉంది" అంది.

ఆ మెట్టును దాటి పైకి నడిచిపోతే ఎవరికీ తెలియదు. సోమవారం ఏదో సాకు చెప్పి లోపలికొచ్చి సరిచేసుకోవచ్చు. ఆ ఆలోచన వచ్చిందా అని బాబాయిని అడిగాను. వచ్చిందన్నాడు. ఎంతసేపు ఉందని అడిగితే, ఆమె చెయ్యి ఎత్తేదాకా అన్నాడు.

పిన్ని చెయ్యి ఎత్తింది. లైనులో సూది విరిగినప్పుడు ఎత్తినట్టే, మోచేయి వంచకుండా, ఏమీ మాట్లాడకుండా. కిందనున్న పద్దెనిమిది మందికి అది ఏమిటో అర్థం కాలేదు. బాబాయికి అయింది. లేచి, రెండు చేతులూ రెండు గోడలకు ఆనించి జనం వైపు తిరిగాడు.

"ఎవరూ పైకి రావద్దు. ఈ మెట్టు నేను పెట్టింది. సరిగ్గా పెట్టలేదు. వెనకవాళ్లు ముందు తిరగండి, ఒక్కొక్కరే దిగండి. పాపను ఎత్తుకున్నామెకు చోటివ్వండి."

ఈ మెట్లు నాలుగు వందల ఏళ్లవి కదా అని గైడు కింద నుంచి అడిగింది. ఇవి ఈ ఏడాదివమ్మా అన్నాడు బాబాయి. ఎవరూ నవ్వలేదు. అందరూ దిగేదాకా ఆయన ఆ మెట్టు కిందే నిలబడ్డాడు.

ఐదు గంటల జట్టును రద్దుచేసి గుమ్మం మూశారు. ఇంజినీరు గంటలో వచ్చాడు. పైకి వెళ్లి చూసి, దిగి, కాపలాదారు కుర్చీలో కూర్చున్నాడు. కోప్పడలేదు. చెక్క తక్కువైందని ఎప్పుడు తెలిసిందని అడిగాడు. గురువారం సాయంత్రం అన్నాడు బాబాయి. మరి శుక్రవారం నుంచి ఈ రోజు నాలుగింటిదాకా ఎంతమంది ఎక్కి ఉంటారని అడిగాడు.

"జట్లన్నీ నిండితే, ఐదు వందల మంది."

అంత వెంటనే చెప్పాడు. ఇంజినీరు తల ఎత్తి చూశాడు. అంటే ఈ మూడు రోజులూ లెక్కపెడుతూనే ఉన్నావన్నమాట అన్నాడు. పిన్ని పక్కనే ఉంది. భర్తను వెనకేసుకు రాలేదు. వాళ్ల లైనులో చెయ్యెత్తడం ఎంత ముఖ్యమో ఎప్పుడు ఎత్తారన్నదీ అంతే ముఖ్యం.

బురుజు తొమ్మిది రోజులు మూతపడింది. చెక్కను బాబాయి చేతనే తీయించారు, మెట్టు ఆయన చేతనే మళ్లీ పెట్టించారు. పెద్దమేస్త్రి పని మాత్రం ఏడాదిపాటు ఇంకొకరికి ఇచ్చారు. కాగితంలో చెక్క మరిచినందుకు అని రాయలేదు. తెలిసీ మూడు రోజులు చెప్పనందుకు అని రాశారు. ఆ కాగితం ఆయన నాకు స్వయంగా చూపించాడు. న్యాయంగానే రాశారన్నాడు.

ఆ ఆదివారం ఇద్దరూ వచ్చిన దారినే ఇంటికి నడిచారు. కార్డులో నాలుగో గడి ఖాళీగానే ఉండిపోయింది. పిన్ని చెప్పులు బాబాయి చేతిలో ఉన్నాయి. పొద్దున్నుంచీ కరుస్తున్నాయని ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేదని ఆయన, మూడు రోజుల నుంచీ మీరు చెప్పారు గనకనా అని ఆమె. వంతెన మధ్యకు వచ్చేసరికి వాన తుంపర మొదలైంది. బాబాయి ఆగి, బురుజు పైకి చూశాడు.

"ఎంతమంది?" అని అడిగింది పిన్ని.

"ఎవరూ లేరు" అన్నాడు.